జ్వరపు రొట్టె

మా ఇళ్ళల్లో ఆడమనిషికి జ్వరం పోయిందో లేదో చెప్పేది డాక్టరు కాదు, రొట్టె. జ్వరం విడిచిన మర్నాడు వేపాకు వేసి కాచిన నీళ్ళు తలమీద పోస్తారు. తడి జుట్టుకు తువ్వాలు చుట్టి పొయ్యి ముందు పీట వేసి కూర్చోబెడతారు. పిడికెడు జొన్నపిండి, చెంబులో వేడినీళ్ళు ముందు పెడతారు. ఒకే ఒక్క రొట్టె చెయ్యాలి. అది గుండ్రంగా వచ్చి పెనం మీద పొంగితే జ్వరం పోయినట్టు. ఆ రొట్టె ఇంట్లో ఎవరూ తినరు, వీధిలో ఆవుకు పెడతారు. ఆవు నమిలి మింగేసరికి ఆమె జబ్బు తీరిపోయిందని లెక్క. మర్నాటి నుంచి నీళ్ళు, అంట్లు, పొలం, అన్నీ మళ్ళీ ఆమెవే. మగవాళ్ళకు ఈ రొట్టె లేదు. ఒళ్ళు బాగైందని వాళ్ళు నోటితో చెబితే చాలు.

మా అమ్మ జ్వరపు రొట్టె చూశాను. నాది నేనే చేసుకున్నాను. పోయిన వానాకాలం నా కూతురి రొట్టె దగ్గరికి వచ్చేసరికి పీట ముందు అడ్డం కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో రాసిపెట్టాలని ఈ నోటుబుక్కు పట్టుకున్నాను. పది వరుసలు రాస్తే పడుకోవాలి. ఎక్కడైనా తెగినట్టు ఉంటే అక్కడ పడుకున్నానని అనుకోండి.

మా అమ్మగారిల్లు రాయికోడ్ వైపు. నాకు పదేళ్ళు, నాలుగో తరగతి. ఆ ఏడు పెసర్లు ఏరే రోజుల్లో ఊళ్ళో జ్వరాలు తిరిగాయి. అందరికీ నాలుగు రోజులు వచ్చి పోయింది, అమ్మకు తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు మా నాయనమ్మ తలకు పోసింది. అమ్మ రొట్టె చేసింది. పళ్ళెం బోర్లించి అంచు వెంట కోసినట్టు గుండ్రంగా వచ్చింది, పెనం మీద బాగా పొంగింది. వేడి వేడిగా దాన్ని చేటలో పెట్టుకుని ఆవు దగ్గరికి పరుగెత్తింది నేనే.

మూడో రోజు పొద్దున అమ్మ అంట్లు తోముతూ తోముతూ ఆ గిన్నెల మధ్యనే పక్కకు ఒరిగింది. బూడిద చేతులతోనే పడుకుంది.

"ఏమైంది అమ్మా?" అన్నాను.

"ఏం కాలేదు బిడ్డా. ఒళ్ళు నాది కానట్టు ఉన్నది. జరసేపు పండుకోని."

ఆ జరసేపు పదకొండేళ్ళు సాగింది. ఒక వారం లేచి తిరిగేది, రెండు వారాలు మంచాన పడేది. ఊళ్ళో ఎవరికి ముక్కు కారినా ముందు ఆమెకే అంటేది. నీళ్ళు తోడడం నామీద పడింది, తమ్ముణ్ణి చూడడం నామీద పడింది, నాలుగో తరగతితో నా బడి ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం రొట్టె సంగతి మరిచిపోలేదు.

"నా కండ్లతోని చూసిన. పుట్టెడు పొంగింది రొట్టె. గట్ల పొంగినంక జబ్బేడిది? బువ్వ కాడికి మంచిగనే లేస్తది, పని కాడికి లేవది."

మా వైపు ఎల్లమాస పెద్ద పండుగ. చలికాలం అమావాస్యనాడు పొలంలో ఉన్న గింజలు, కాయలు, ఆకులు అన్నీ ఒకే కుండలో వేసి బజ్జి వండుతారు. సజ్జరొట్టెలతో గంపకెత్తుకుని చేనికి పోయి, పైరుకు పెట్టి, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి తింటారు. ఒక ఏడు ఎల్లమాసకు అమ్మ లేచింది. బజ్జి వండింది, గంప నెత్తిన పెట్టుకుని చేనిదాకా నడిచింది, ఆడవాళ్ళతో కూర్చుని నవ్వింది. అమ్మ నవ్వు ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత రెండు రోజులకు పడింది, ఇరవై రోజులు లేవలేదు. నాయనమ్మ వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా అంది.

"పండుగకైతే కాళ్ళొచ్చినయ్. చూసిన్రా?"

నేనూ చూశాను. నేనూ అదే అనుకున్నాను. పదమూడేళ్ళ దాన్ని, బిందె మోసి మోసి నడుం పోయేది. ఒకరోజు బిందె దించి, పడుకున్న అమ్మ చెయ్యి పట్టి గుంజాను.

"లే అమ్మా. అందరమ్మలు చేస్తలేరా? పనిదొంగవు నువ్వు."

అమ్మ కోపపడలేదు. గుంజితే లేచి కూర్చుంది. గోడకు ఆనుకుని, ఎందుకు లేచానా అన్నట్టు తన చేతులవైపే చూసుకుంది. నాకు పెళ్ళైన రెండేళ్ళకు పోయింది. ఆ మాట వెనక్కి తీసుకోలేదు నేను. తీసుకోవాలని అప్పటికి తెలియలేదు కూడా.

పెళ్ళై జహీరాబాద్ వచ్చాను. మా ఆయనకు ట్రాలీ ఆటో ఉంది, అల్లం, ఆలుగడ్డ మార్కెట్‌కు తోలతాడు. బస్టాండుకు దగ్గర సందులో ఇల్లు. ముందు గదిలో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టాను. మొదట్లో మనవాళ్ళే కొనేవాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన కోస్తావాళ్ళు కూడా, షుగర్ ఉందని తెలిసిన మర్నాటినుంచి, డబ్బా పట్టుకుని వరుసలో నిలబడడం నేర్చుకున్నారు. రోజుకు వంద రొట్టెలు కొట్టేదాన్ని. రెండు చేతులూ ఆడుతుంటే నోరూ ఆడేది. ఎవరి పెళ్ళి ఏ వానలో జరిగింది, ఎవరి బర్రె ఏ అమావాస్యకు ఈనింది, అన్నీ చెబుతూనే కొట్టేదాన్ని. రొట్టెలకోసం వచ్చినవాళ్ళు ముచ్చట్లకు ఆగిపోయేవాళ్ళు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాకు తగిలింది. పదకొండు రోజులు. మా ఆయన అక్క, మా వదినె, పక్క సందులోనే ఉంటుంది. మగడు పోయినప్పటినుంచి ఆమెకు మా ఇల్లే ఇల్లు. పన్నెండో రోజు ఆమే నీళ్ళు కాచింది, తలకు పోసింది, పీట వేసింది. నా రొట్టె పొంగకపోతే ఎవరి రొట్టె పొంగుతుంది? పొంగింది.

"ఇగో, పోయింది పీడ. రేపటిసంది పొయ్యి ముట్టియ్యి," అంది వదినె.

మర్నాడు నలభై చేశాను. ఆ మర్నాడు అరవై. ఆ తర్వాతి పొద్దున తల దువ్వుకుందామని చెయ్యి ఎత్తితే చెవిదాకా కూడా రాలేదు.

అలసట అంటే నాకు తెలుసు. ఎండలో కలుపు తీసిన అలసట తెలుసు, కాన్పు అలసట తెలుసు. వాటికి నిద్ర మందు. దీనికి నిద్ర మందు కాదు. పది గంటలు పడుకుని లేచినా, పడుకోకముందు ఎంత బరువున్నానో అంతే బరువుతో లేస్తాను. పైగా ఈ ఒళ్ళు ఆ రోజుకారోజు చెప్పదు. సోమవారం పని చేస్తే సోమవారం బాగానే ఉంటాను. మంగళవారం ఎలాగో గడుస్తుంది. బుధవారం దుప్పటి పైకి లాక్కోవడానికి చేతకాదు. సందులో హారన్ కొడితే పుర్రె లోపల కొట్టినట్టు ఉంటుంది. ఒకరోజు జల్లెడ ఎదురుగా గోడకు వేలాడుతోంది, దాని పేరు నోటికి రాలేదు. ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో చెప్పేదాన్ని, "గది ఇయ్యి, గది, పిండి పోస్తం సూడు" అని వేలు చూపించాను. ఆ రోజు నాకు భయమైంది.

జలుబు ఏ ఇంట్లో దిగినా ముందు నా దగ్గరికే వచ్చేది. మా ఆయన నవ్వించాలని చూసేవాడు.

"ఊళ్ళె జలుబులకు మనిల్లే బస్టాండు. ఇంగ టికెట్లు గొట్టుడొక్కటే తక్కువ."

నేను నవ్వేదాన్ని. నవ్వాక పడుకునేదాన్ని.

ఇక్కడి దవాఖానల్లో రక్తం తీశారు, ఛాతీకి ఫొటో తీశారు. అన్నీ మంచిగానే ఉన్నాయన్నారు. ఒకాయన బలానికి గోళీలు రాసి, మనసుకు పట్టించుకోవద్దు, పొద్దున్నే నడవమన్నాడు. నడిచాను. ఐదు రోజులు నడిచి పదిహేను రోజులు పడుకున్నాను. రిపోర్టులు మంచిగుండడం నాకు శాపమైంది. మా వదినె మంచిదే, నాకు గంజి కాచి పోసింది ఆమే, పోస్తూ అనేది కూడా ఆమే.

"రొట్టె పొంగింది, రిపోర్టు మంచిగొచ్చింది. ఇంకేం గావాలె పిల్లా నీకు? లేవాలె అనుకుంటే లేస్తరు."

ఆ మాట నాకు కొత్త కాదు. నా గొంతులోనే ఎప్పుడో విన్న మాట.

చివరికి నా కూతురు పట్టుబట్టి హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అప్పటికి అది డిగ్రీ ముగించి, మెయిన్ రోడ్డులో బట్టల దుకాణంలో బిల్లింగ్‌లో చేరింది. అక్కడొక డాక్టరమ్మ. నా కాగితాల కట్ట పక్కన పెట్టి ఒకటే అడిగింది.

"పని చేసిన రోజు కాకుండా, ఒకటి రెండు రోజుల తర్వాత పడిపోతున్నారా?"

రెండేళ్ళుగా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపు వచ్చింది. కూతురే అవునని చెప్పింది.

డాక్టరమ్మ దీనికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే విడవని అలసట జబ్బు, అని పేరు చెప్పింది. ఇది ఉందని చూపించే రక్తపరీక్ష లేదట. మిగతా జబ్బులు లేవని తేల్చుకుని, మనం చెప్పేది విని పోల్చుకోవాలట. చాలామందికి ఏదో ఒక వైరస్ జ్వరం తర్వాతే మొదలవుతుందట. ఊరంతటికీ వచ్చి పోయింది నాకే ఎందుకు ఉండిపోయిందని అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు వేలల్లో ఉంటాయి. అన్నీ ఎప్పుడూ పని చెయ్యవు. అవసరాన్ని బట్టి కొన్ని మేలుకుంటాయి, కొన్ని ఊరుకుంటాయి. వైరస్ లోపలికి వస్తే దాన్ని తరిమే జన్యువులు మేలుకోవాలి, పని అయ్యాక తగ్గాలి. ఈ జబ్బున్న కొందరిలో ఆ మేలుకోవడం, తగ్గడం సరిగా జరగడం లేదేమోనని, అందుకే చిన్న చిన్న జ్వరాలూ తొందరగా తగులుకుంటున్నాయేమోనని వెతుకుతున్నారట. ఇంకా తేలలేదు, తేలిందని ఎవరైనా చెబితే నమ్మొద్దు అని కూడా అంది.

నాకు అర్థమైంది నా పొయ్యితోనే. రొట్టెలు అయిపోగానే కట్టెలు వెనక్కి లాగుతాం. లాగకపోతే, పెనం మీద ఏమీ లేకపోయినా మంట మండుతూనే ఉంటుంది. కట్టెలన్నీ అలా ఉత్తగా కాలిపోయాక మర్నాడు వంటకు ఏం ఉంటుంది? నా ఒంట్లో జ్వరం పోయాక కూడా ఎవరూ కట్టెలు వెనక్కి లాగలేదు. అట్లేనా మేడం అంటే, డాక్టరమ్మ నవ్వి, "అలా కావచ్చునని అనుకుంటున్నాం, ఇంకా చూస్తున్నాం," అంది.

లేచి వస్తూ గుమ్మం దగ్గర ఆగాను. కూతురు మందుల చీటీతో ముందు నడిచిపోయింది.

"మేడం, మా అమ్మకు గిట్లనే ఉండె. ఇప్పుడు నాకు. నా బిడ్డకు వస్తదా?"

"రావాలని ఏం లేదు. కుటుంబంలో ఉంటే కొంచెం జాగ్రత్త, అంతే. ఎప్పుడైనా గట్టి జ్వరం వస్తే, తగ్గింది కదా అని తొందరపడి పనిలో పెట్టకండి. అలసట పోయేదాకా పడుకోనివ్వండి. ఆ తర్వాత కూడా మెల్లమెల్లగా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకి తల ఆనించుకున్నాను. గోడకు ఆనుకుని తన చేతులు చూసుకుంటున్న అమ్మ కనిపించింది. జహీరాబాద్ దాకా కనిపిస్తూనే ఉంది.

అప్పటినుంచి ఒళ్ళు ఇచ్చినంతే తీసుకుంటున్నాను. ఇరవై రొట్టెలు, అదీ రోజు విడిచి రోజు. మిగతావి వదినె చేస్తుంది. నాకు ఏం కావాలో నేను అనుకోవడం మానేశాను. నా కూతురికి జ్వరం రాకూడదని ఒక్కటే అనుకునేదాన్ని.

పోయిన వానాకాలం దానికి జ్వరం వచ్చింది. ఏదో వైరల్ అన్నారు, డెంగీ కాదన్నారు. చిరాగ్‌పల్లి దాకా ఇంటింటికీ ఉంది అప్పుడు. ఏడు రోజులు కాలిపోయింది పిల్ల. ఏడో రోజు రాత్రి ఒళ్ళు చల్లబడింది. ఎనిమిదో రోజు నేను నడుం వాల్చి లేచేసరికి వదినె వేపాకు నీళ్ళు పోసేసింది, తువ్వాలు చుట్టింది, పీట వేసింది. పిల్ల పీట ముందుకు వచ్చి నిలబడింది. బయట ఆవు కూడా వచ్చి నిలబడింది. మా సందులో ఎవరికి జ్వరం తగ్గినా దానికి ఎలాగో తెలుస్తుంది.

నేను పోయి పీటకు, పిల్లకు మధ్య కూర్చున్నాను.

"చెయ్యది," అన్నాను.

"ఏం చెయ్యది?"

"రొట్టె చెయ్యది వదినె. ఇది పండుకోవాలె."

"ఏడు దినాలు పండుకున్నది చాలదా? జ్వరం పోయింది, ఒళ్ళు సల్లగున్నది. ఒక్క రొట్టె పిల్లా! ఒక్క రొట్టెకు పాణం పోతదా?"

"రొట్టెకు పోదు. మూడో రోజుకు పోతది."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పిల్ల ఫోన్ ఉంది, దుకాణం సేటు పొద్దుటినుంచి మూడోసారి చేస్తున్నాడు. పండుగ గిరాకీ, రేపు రాకపోతే వేరే పిల్లను పెట్టుకుంటానంటున్నాడు.

"ఏమంటవే?" అని నన్నే అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపు కూతురు అంది. జ్వరంతో గొంతు పీలగా ఉంది, కానీ మాట గట్టిగానే వచ్చింది.

"అమ్మా, నాకేం కాలేదు. నౌకరి పోతది. నన్ను నీ లెక్క చెయ్యకు."

వదినె తలదించుకుంది. అమ్మ నాకు జవాబు చెప్పనట్టే నేనూ ఊరుకుందామనుకున్నాను, కానీ ఊరుకుంటే పిల్ల పీట మీద కూర్చుంటుంది.

"నా లెక్క గావద్దనే కూసున్న బిడ్డా ఈడ. మీ అమ్మమ్మ రొట్టె పొంగింది. నాది పొంగింది. నీదీ పొంగుతది, నాకెర్కనే. రొట్టె ఆ పూటకే సాక్ష్యం చెప్తది. మూడోనాడు నువ్వు లేస్తవో లేవవో దానికేం తెలుసు? నేను మీ అమ్మమ్మను చెయ్యి వట్టి గుంజిన. పనిదొంగవన్న. నిన్ను గుంజ. ఎవ్వరిని గుంజనియ్య."

అంత మాట్లాడేసరికి నాకు ఆయాసం వచ్చింది. పిల్ల నిలబడలేక గోడ పట్టుకుంది. గోడ పట్టుకున్న ఆ చేతిని వదినె చూసింది. వీధివైపు తిరిగి నెమ్మదిగా అంది.

"మరి ఆవొచ్చి నిలవడ్డది. ఉత్తగ పోనియ్యొద్దు. అది మంచిది గాదు."

మా ఆయన ఫోన్ కిటికీలో పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"జరుగు," అన్నాడు నాతో. "నేను చేస్త."

"నువ్వా? మొగోళ్ళు చేస్తరా జ్వరపు రొట్టె?" అంది వదినె.

"జ్వరం ఇంటిది గాదా అక్కా? ఏడు దినాలసంది నేను నిద్రవోయిన్నా?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా నా పొయ్యి పక్కన కూర్చుని తిన్న మనిషి, పిండిలో ఎన్ని నీళ్ళు పొయ్యాలో తెలియదు. ఎక్కువ పోశాడు. ఇంకా పిండి వేశాడు. ఆటో తోలిన మోటు చేతులతో కొడితే రొట్టె అరచేతికే అంటుకుని లేచింది. మళ్ళీ ముద్ద చేశాడు. మూడోసారి ఎలాగో పెనం మీద పడింది, నడుమ చిరుగు, అంచు వంకరటింకర.

"తమ్ముడా, గిది రొట్టెనా, కోహీర్ మండలం పటమా?" అంది వదినె.

"ఆవుకు పటం గూడ అరుగుతదిలే."

పొంగలేదు. ఒక పక్క మాడింది. వదినె పెదవి విరిచి, అయినా తనే చేటలో పెట్టుకుని పోయి ఆవుకు పెట్టింది. ఆవు వాసన చూసి, ఒక క్షణం ఆలోచించి, తినేసింది. పిల్ల చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ నౌకరి పోయింది. సేటు చెప్పినట్టే చేశాడు. పిల్ల ఏడ్చింది. మా ఆయన ఒకరోజు తిట్టాడు, సేటునో నన్నో తేల్చకుండా. నేను విన్నాను. మొదటి రెండు వారాలు పిల్ల నిజంగానే లేవలేకపోయింది, తల ఎత్తితే తిరిగేది. అప్పుడు మా వదినె మాట మార్చింది, అడక్కుండానే గంజి రెండు గిన్నెల్లో తెచ్చేది, తల్లికొకటి, కూతురికొకటి. మూడో వారం మంచం మీద కూర్చుంది. తర్వాత వాకిలిదాకా. తర్వాత పాలకు సందు చివరిదాకా. ఒక్కో కొత్త పని చేసిన రోజు నేను సంతోషపడేదాన్ని కాదు. వేళ్ళమీద రెండు రోజులు లెక్కపెట్టుకుని మూడో రోజుకోసం చూసేదాన్ని. పిల్లకు చెప్పేదాన్ని కాదు. దానికి తెలుసు.

నలభై రోజులు దాటాక ఒక పొద్దున అదే వచ్చి పీట దగ్గర కూర్చుంది.

"అమ్మా, నేను చేస్త."

"రెండే."

"నాలుగు."

"రెండే అన్న."

రెండు చేసింది. బాగా వచ్చాయి, పొంగాయి. పొంగినవైపు నేను చూడలేదు. ఒకటి అది తింది, ఒకటి నాకు పెట్టింది. ఆవు గుమ్మంలోకి తొంగి చూస్తే వదినె, "పో, ఇయ్యాల నీకు లేదు," అంది.

మర్నాడు బాగానే ఉంది. ఆ మర్నాడు కూడా. మూడో రోజు నాకు తెల్లవారకముందే మెలకువ వచ్చింది, కానీ పక్క గదిలోకి పోయి చూడడానికి ధైర్యం లేక కళ్ళు మూసుకునే పడుకున్నాను. నాకు వచ్చింది దానికీ వస్తుందో, లేక అది ఎలాగూ బాగుపడేదేనో, నేను పీటకు అడ్డం కూర్చోవడం వల్ల ఏమైనా ఒరిగిందో, డాక్టరమ్మకైనా తెలియదు. నాకెక్కడ తెలుస్తుంది?

బిందె చప్పుడైంది. చీపురు చప్పుడైంది. వాకిలి నుంచి వదినెతో ఏదో కొట్లాడుతున్న గొంతు వినిపించింది, నిండుగా, తగాదాకు సరిపోయేంత బలంగా. తర్వాత తలుపు తోసుకుని వచ్చింది.

"ఇంకా పండుకున్నవా? చాయ్ పెట్టిన. లే."

చెయ్యి పట్టుకోబోయి, ఆగింది. గ్లాసు నా తలదాపున పెట్టి, "లేవకు, పండుకునే తాగు," అని వెళ్ళిపోయింది.

రెండు రోజుల ముందు ఇరవై రొట్టెలు చేశాను నేను. లేవాలనుకున్నా లేవలేకపోయేదాన్ని. చాయ్ చల్లారిపోయాక తాగాను.